గొలుసు పెరిగింది, చక్రం పెరిగింది

తాండూరు నుంచి వికారాబాద్ పోయే రోడ్డు మీద బండల లోడు లారీలను చూస్తూ పెరిగినవాణ్ణి. ఆ రోడ్డును ఒక గీత అడ్డంగా దాటుతుందని మాత్రం థర్డ్ ఇయర్‌కు వచ్చాకే తెలిసింది. నేల మీద ఆ గీత కనిపించదు. కన్యాకుమారి దగ్గర మొదలై, గుత్తి మీదుగా, బీదర్ పక్కనున్న దామరగిద్ద దాకా పోయిన త్రికోణాల వరస అది. (నారాయణపేట దగ్గరి దామరగిద్ద వేరు, ఇది వేరు. నేను కూడా ముందు మన దామరగిద్దే అనుకుని మ్యాప్ తెరిచాను.) గుత్తి రేఖాంశం సుమారు 77.6 డిగ్రీలు, బీదర్ దామరగిద్దది 77.7కు దగ్గర. మన తాండూరు 77.6, వికారాబాద్ 77.9. స్కేలు పెట్టి కలపండి, గీత మనకు ఎంత దగ్గర నుంచి పోయిందో కనిపిస్తుంది.

ఆ గీత వెనకున్న మనిషి విలియం లాంబ్టన్. ఎవరెస్ట్ పేరు తెలియనివాళ్లు లేరు కానీ, ఎవరెస్ట్‌కు గురువైన ఈయన పేరు సివిల్ బ్రాంచ్ వాళ్లలో కూడా కొందరికే తెలుసు. ఇది ఆయన జీవితం. మధ్యలో మా మామ డీసీఎం కూడా వస్తుంది, ఏమనుకోకండి. ఆ డీసీఎం వల్లే నేను ఆయన దాకా పోయాను.

లాంబ్టన్ ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో, నార్తలర్టన్ దగ్గర ఒక మామూలు కుటుంబంలో పుట్టాడు. ఏ సంవత్సరమో ఆయనే సరిగ్గా చెప్పేవాడు కాదట, 1753 ప్రాంతం అంటారు. భూమి ఆకారాన్ని సెకండ్ల లెక్కన తేల్చిన మనిషి వయసు మాత్రం ఉజ్జాయింపుగానే మిగిలింది. లెక్కల్లో గట్టివాడు. 1781లో 33వ పదాతి దళంలో చిన్న అధికారిగా చేరి అమెరికా యుద్ధానికి పోయాడు. చేరీ చేరగానే యార్క్‌టౌన్‌లో కార్న్‌వాలిస్ సైన్యంతో పాటు పట్టుబడ్డాడు. విడుదలయ్యాక కెనడా వైపు న్యూ బ్రన్స్‌విక్‌లో బారక్‌మాస్టర్ ఉద్యోగం, పక్కన కొంత సర్వే పని. అక్కడే పదమూడేళ్లు గడిచిపోయాయి. సూర్యగ్రహణాన్ని సరైన అద్దం లేకుండా చూసి ఎడమ కన్ను పాడు చేసుకున్నాడని అంటారు. మిగతా జీవితమంతా కళ్లతో చేసే పనే.

నలభై దాటాక రెజిమెంటు మళ్లీ పిలిచింది. అలా ఇండియాకు వచ్చాడు. ఆ రెజిమెంటు కమాండర్ ఆర్థర్ వెల్లెస్లీ, తర్వాత వాటర్లూలో నెపోలియన్‌ను ఓడించినవాడు. 1799లో టిప్పు సుల్తాన్ మీద శ్రీరంగపట్నం యుద్ధం. ఒక రాత్రి జనరల్ బెయిర్డ్ దళం చీకట్లో నడుస్తోంది. లాంబ్టన్ నక్షత్రాలు చూసి, మనం దక్షిణానికి కాదు ఉత్తరానికి, అంటే నేరుగా శత్రువు వైపే పోతున్నామని చెప్పాడు. బెయిర్డ్ నమ్మలేదు. దిక్సూచి తీసి చూస్తే లాంబ్టన్ చెప్పిందే నిజమైంది. వయసు మీద పడ్డ, ఎక్కువ మాట్లాడని ఈ అధికారి మీద పైవాళ్లకు గురి కుదరడానికి ఆ రాత్రి ఒక కారణం.

యుద్ధం అయ్యాక ఆయన ఒక ప్రతిపాదన రాసిచ్చాడు. తూర్పు తీరం నుంచి పడమటి తీరం దాకా, దక్షిణం నుంచి ఉత్తరానికి, దేశం మీద త్రికోణాలు పరచాలి. ఒక భుజాన్ని నేల మీద అతి జాగ్రత్తగా కొలవాలి. తర్వాత అన్నీ కోణాలే. గుట్ట మీద నుంచి గుట్ట మీదికి చూస్తూ, సైన్ రూల్‌తో మిగతా భుజాలు లెక్క కట్టుకుంటూ పోవచ్చు. మ్యాపు కంపెనీకి కావాలి, ఆయనకు కావలసింది వేరే. భూమధ్యరేఖకు దగ్గరలో ఒక డిగ్రీ అక్షాంశం ఎంత పొడవుంటుందో తేలితే, భూమి ధ్రువాల దగ్గర ఎంత నొక్కుకుని ఉందో తేలుతుంది. (ఇప్పుడు మనకు తెలుసు: భూమధ్యరేఖ దగ్గర డిగ్రీకి సుమారు 110.6 కిలోమీటర్లు, ధ్రువం దగ్గర 111.7.) మద్రాసు ఖజానా వాళ్లకు ఇదంతా దండగ ఖర్చులా కనిపించింది. శ్రీరంగపట్నం పోవాలంటే పల్లకీ బోయీలకు చెబితే చాలు, వాళ్లే తీసుకుపోతారు, మ్యాపు దేనికని ఒక పెద్దమనిషి వాదించాడు కూడా. వెల్లెస్లీ, గవర్నర్ ఎడ్వర్డ్ క్లైవ్ వెనక ఉండబట్టి పని సాగింది.

అప్పటిదాకా దేశంలో దూరాలు కొలిచే మామూలు సాధనం పెరాంబులేటర్. పేరు చూసి పిల్లల బండి అనుకోకండి. పిడికి తగిలించిన పెద్ద చక్రం అది, నెట్టుకుంటూ పోతే ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టే ముల్లు ఉంటుంది. మన బండి ఓడోమీటర్‌కు ముత్తాత. రోడ్డు వంకర తిరిగితే వంకరను, ఎత్తెక్కితే ఎత్తును కూడా దూరంగా లెక్క వేస్తుంది. లాంబ్టన్ పద్ధతి దాన్ని పక్కన పెట్టింది. తీరం నుంచి తీరానికి త్రికోణాలు పూర్తయ్యాక, మద్రాసు నుంచి మంగళూరుకు మ్యాపుల్లో 400 మైళ్లున్న వెడల్పు 360 మైళ్లే అని తేలింది. కాగితం మీద కంపెనీ 40 మైళ్ల నేల పోగొట్టుకుంది.

అసలు విషయం ఆ మొదటి భుజంలో ఉంది. 1802 ఏప్రిల్ 10న మద్రాసులో సెయింట్ థామస్ మౌంట్ దగ్గర మొదలుపెట్టి మే 22 దాకా ఏడున్నర మైళ్లు కొలిచాడు. ఎండాకాలం, మద్రాసు. కొలిచింది ఉక్కు గొలుసుతో. లండన్‌లో రామ్స్‌డెన్ అనే పేరున్న పనివాడు చేసింది. 100 అడుగులు, రెండున్నర అడుగుల కడ్డీలు నలభై. చైనా చక్రవర్తికి కానుకగా పంపితే అక్కడ తీసుకోలేదు, తిరిగొచ్చి చివరికి లాంబ్టన్ చేతికి చేరింది. ఏడున్నర మైళ్లంటే సుమారు 400 గొలుసులు. 400 దాకా లెక్కపెట్టడం మూడో తరగతి పిల్లాడికీ వచ్చు. ఒక్కో గొలుసు నిజంగా 100 అడుగులేనా అన్నదే ప్రశ్న.

కాదు. ఉక్కు ఎండకు పెరుగుతుంది. పది డిగ్రీల సెల్సియస్ పెరిగితే ఆ గొలుసు దాదాపు మూడున్నర మిల్లీమీటర్లు సాగుతుంది. వినడానికి ఏమీ కాదు, కానీ 400తో గుణించండి. మీటరు నలభై సెంటీమీటర్లు తేడా. ఆ భుజం మీద వెయ్యి మైళ్ల త్రికోణాలు నిలబెట్టాలి. అందుకని గొలుసును నేల మీద పరవకుండా, కాళ్లు ఎత్తుకోగల బల్లల మీద చెక్క తొట్లు పెట్టి, వాటిలో పరిచి, బరువు కట్టి బిగించేవాళ్లు. పక్కనే థర్మామీటర్లు. ప్రతిసారీ ఉష్ణోగ్రత రాసుకుని, గొలుసు ఎంత పెరిగిందో లెక్కలో కలిపేవాడు. ఇంకో సమస్య: కడ్డీలు కలిసే కొక్కేల దగ్గర రాపిడికి ఇనుము అరుగుతుంది. అరిగిన కొద్దీ గొలుసు పొడుగవుతుంది. దీనికి థర్మామీటర్ పనికిరాదు. అందుకే ఆయన ఇంకో గొలుసును పనిలో వాడకుండా, పోల్చి చూడడానికి మాత్రమే దాచి ఉంచాడు.

ఈ రెండో గొలుసు గురించి చదివినప్పుడే నాకు మా స్టెప్నీ గుర్తొచ్చింది. ఇక డీసీఎం కథ చెప్పాలి.

మా మామకు తాండూరులో ఒక డీసీఎం ఉంది. బండలు వేసుకుని హైదరాబాద్ వైపు పోతుంది. పోయిన వేసవిలో టైర్లు మార్పించాడు. పాతవి 7.50-16, లోడుకు బాగుంటాయని ఎవరో చెబితే 8.25-16 వేయించాడు. ఆ తర్వాత నెల డీజిల్ లెక్క కుదరలేదు. అంతకుముందు లీటరుకు 6.9 కిలోమీటర్ల దాకా ఇచ్చే బండి 6.5కు పడింది. ట్రిప్పుకు 32 లీటర్లు, నెలకు పన్నెండు ట్రిప్పులు. మామ లెక్కలో నెలకు 23 లీటర్ల డీజిల్ గాయబ్. బండి కొత్త సర్వీసింగ్‌తో ఉంది, ఇంజన్ బాగుంది. ఇంక అనుమానం ఎవరి మీదికి పోతుంది? డ్రైవరన్న మీదికి. పదకొండేళ్లుగా మామ దగ్గరే ఉన్న మనిషి. నోటితో ఏమీ అనలేదు కానీ, రెండు నెలలు జీతంలో డీజిల్ డబ్బులు పట్టుకున్నాడు. అన్న కూడా నోరు తెరవలేదు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు మా అత్త చెబితే తెలిసింది నాకు.

మీటరు కిలోమీటర్లను ఎక్కడా కొలవదు. అది కొలిచేది చుట్లు. పాత బండ్లలో గేర్‌బాక్స్ చివర ఒక చిన్న ప్లాస్టిక్ గేరు, దాన్నుంచి కేబుల్. ఇప్పటి బండ్లలో సెన్సార్, అది పంపే పల్స్‌లు. చక్రం ఇన్ని చుట్లు తిరిగితే ఒక కిలోమీటరు అని కంపెనీలో దానికి ఒకసారి చెప్పి పంపిస్తారు. ఆ తర్వాత టైరు మారితే దానికి తెలియదు. లోడు బండిని చదునైన చోట నిలబెట్టి, టైరు మీద చాక్‌పీసుతో గీత పెట్టి, పది చుట్లు మెల్లగా ముందుకు తోలించాను. టేపు పెడితే 26 మీటర్ల 10 సెంటీమీటర్లు. పాత టైరుది ఎలా? స్టెప్నీ మార్చలేదు, పాత సైజుదే ఉంది. దాన్ని ముందు చక్రానికి ఎక్కించి మళ్లీ పది చుట్లు. 24 మీటర్ల 50. మామ తనకు తెలియకుండానే దాచుకున్న రెండో గొలుసు అది.

పాత టైరుకు చుట్టుకు 2.45 మీటర్లు, అంటే కిలోమీటరుకు 408 చుట్లు. కొత్త దానికి 2.61, కిలోమీటరుకు 383 చాలు. మీటరు మాత్రం 408 అయ్యేదాకా ఆగి ఒక కిలోమీటరు వేస్తోంది. ఆ లోపు బండి 1,065 మీటర్లు పోయింది. నిజంగా 220 కిలోమీటర్లు తిరిగిన ట్రిప్పు మీటరు మీద 207 అయింది. ఒక్కో ట్రిప్పు ఒక్కో గోడౌనుకు పోతుంది కాబట్టి ఆ తేడా ఎవరి కంటికీ పడలేదు, నెల చివర మొత్తంలో తేలింది. 220ని 32తో భాగిస్తే మళ్లీ ఆ 6.9 వస్తుంది. డీజిల్ ఎక్కడికీ పోలేదు.

డబ్బు కన్నా నాకు భయం వేసింది స్పీడు గురించి. మీటరు 60 చూపితే బండి 64లో ఉంది. సరుకు బండ్లకు 80 దగ్గర కట్టేసే స్పీడ్ గవర్నర్ ఉంటుంది, అది కూడా ఈ లెక్కనే నమ్ముతుంది కాబట్టి అసలు స్పీడు 85 దాకా పోతుంది. వేగం 6.5 శాతం పెరిగితే బ్రేకులు ఆపాల్సిన శక్తి 13 శాతం పెరుగుతుంది. నాలుగు టన్నుల బండలతో అనంతగిరి ఘాట్ దిగేటప్పుడు ఆ 13 శాతం చిన్నది కాదు. మామూలుగా కంపెనీలు మీటరును అసలు స్పీడు కన్నా కొంచెం ఎక్కువ చూపేలాగే పెడతాయి, తక్కువ చూపకూడదనేదే నియమం. పెద్ద టైరు ఆ జాగ్రత్తను తినేస్తుంది.

సరిచేయడం కష్టం కాదు. పాత కేబుల్ బండి అయితే పళ్ల లెక్క వేరుగా ఉన్న చిన్న గేరు వెయ్యాలి. మాది సెన్సార్ బండి, మెకానిక్ ల్యాప్‌టాప్ పెట్టి మీటరులోని అంకెను కొత్త చుట్ల లెక్కకు మార్చాడు. తర్వాత ఫోన్‌లో జీపీఎస్ పెట్టుకుని, రోడ్డు పక్క కిలోమీటరు రాళ్లు చూసుకుంటూ వికారాబాద్ దాకా పోయి సరిపోల్చాం. ఒక మాట: ఆ సైజు టైరు మీ బండికి ఆమోదం ఉన్నదేనా అని వేయించే ముందే చూసుకోండి. కాకపోతే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద అది బండిని మార్చడం అవుతుంది. మీటరు సరిచేసినంత మాత్రాన అది ఒప్పు కాదు. పట్టుకున్న డబ్బులు మామ ఆ నెల జీతంతో కలిపి ఇచ్చేశాడు. ఎందుకు ఇస్తున్నాడో మాత్రం చెప్పలేదు, అన్న అడగలేదు. అది నాకు ఇప్పటికీ నచ్చలేదు.

హాస్టల్‌కు వచ్చి ఇదంతా చెబితే, సివిల్ ఫ్రెండ్ ఒకడు సర్వేయింగ్ పుస్తకం తెరిచి చూపించాడు. గొలుసు అసలు పొడవును ఉండాల్సిన పొడవుతో భాగించి, కొలిచిన దూరంతో గుణించు. నేను చేసిన లెక్కే, పాఠ్యపుస్తకంలో ఎప్పటినుంచో ఉంది. ఆ పేజీ నుంచి లాంబ్టన్ దాకా పోవడం సులువైంది. తేడా ఒక్కటే: గొలుసు అరిగితే పెరుగుతుంది, టైరు అరిగితే తగ్గుతుంది.

కోణాలు కొలవడానికి లాంబ్టన్ లండన్ నుంచి పెద్ద థియోడొలైట్ తెప్పించుకున్నాడు. మూడడుగుల వలయం, అర టన్ను బరువు. వచ్చే దారిలో ఓడను ఫ్రెంచివాళ్లు పట్టుకుని మారిషస్ తీసుకుపోయారు. పెట్టె విప్పి చూసి, ఇది విజ్ఞానానికి పనికొచ్చే వస్తువని అక్కడి గవర్నరు మర్యాదగా మద్రాసుకు పంపించేశాడు. ఆ కాలంలో కూడా ఇలాంటివి జరిగాయంటే ముచ్చటేస్తుంది.

1808లో తంజావూరు. చుట్టూ చదును నేల, గుట్టలు లేవు. పెద్ద గుడి గోపురమే గుట్ట అనుకుని థియోడొలైట్‌ను తాళ్లతో పైకి లాగుతున్నారు. తాడు తెగింది. అర టన్ను పరికరం గోడకు కొట్టుకుని, కోణాలు కొలిచే వలయమే వంకర పోయింది. ఇంకొకటి ఇంగ్లండ్ నుంచి రావాలంటే ఏళ్లు పడుతుంది. లాంబ్టన్ ఎవరినీ నిందించినట్టు ఎక్కడా లేదు. పరికరాన్ని డేరాలో పెట్టుకుని, ఒకరిద్దరు పనివాళ్లను తప్ప ఎవరినీ రానీయకుండా, మేకులతో, మరలతో, కప్పీలతో వెంట్రుకవాసి చొప్పున వలయాన్ని మళ్లీ గుండ్రం చేశాడు. ఆరు వారాలు పట్టింది. అదే థియోడొలైట్ తర్వాత కూడా ఏళ్ల తరబడి పనిచేసింది. మెకానికల్ వాళ్లం గుడి కట్టాల్సింది నిజానికి ఆ డేరాకు.

అక్కడి నుంచి త్రికోణాలు ఉత్తరానికి కదిలాయి. 1811లో గుత్తి దగ్గర ఇంకో భుజాన్ని గొలుసుతో కొలిచారు, 1815లో బీదర్ దగ్గర ఇంకోటి. ఇలా మధ్య మధ్య కొలవడం ఎందుకంటే, కోణాలతో లెక్క కట్టి వచ్చిన పొడవు, గొలుసుతో కొలిచిన పొడవు సరిపోతున్నాయో లేదో చూసుకోవడానికి. మేం కిలోమీటరు రాళ్లు చూసుకున్నట్టే. ఈ గుత్తి, బీదర్‌ల మధ్యే కృష్ణ దాటి నిజాం రాజ్యంలోకి, మన కంది చేల మీదికి త్రికోణాలు వచ్చాయి. జెండాలు మోసినవాళ్లు, గుట్టలెక్కి చెట్లు కొట్టినవాళ్లు, రాత్రి దీపాలు పట్టినవాళ్లు అందరూ ఇక్కడి మనుషులే. రికార్డుల్లో వాళ్ల పేర్లు దాదాపు లేవు. కన్యాకుమారి దగ్గరి పున్నై నుంచి బీదర్ దామరగిద్ద దాకా, 8 డిగ్రీల 9 నిమిషాల నుంచి 18 డిగ్రీల 3 నిమిషాల అక్షాంశం వరకు, దాదాపు పది డిగ్రీల చాపం అలా పూర్తయింది. ఆ ఫలితాలు 1818లో లండన్ రాయల్ సొసైటీ ప్రచురించింది. ఆయనను ఫెలోగా తీసుకుంది. ఫ్రెంచ్ అకాడమీ కూడా సభ్యత్వం ఇచ్చింది.

1818లోనే ఈ పనికి గ్రేట్ ట్రిగనామెట్రికల్ సర్వే అని పేరు పెట్టి, గవర్నర్ జనరల్ కిందికి తెచ్చారు. లాంబ్టన్ మకాం హైదరాబాద్‌లో. ఆ ఏడాది చివర్లో సహాయకుడిగా జార్జ్ ఎవరెస్ట్ అక్కడికే వచ్చి చేరాడు. అప్పటికి ఆయనకు ఇరవై ఎనిమిదేళ్లు, లాంబ్టన్‌కు అరవై అయిదు దాకా. కుర్రవాణ్ణి కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లోకి పంపిస్తే, మనుషులందరితో పాటు జ్వరాలతో పడి, కోలుకోవడానికి చివరికి ఆఫ్రికా కొసన కేప్‌కు పోవాల్సి వచ్చింది. పెద్దాయన మాత్రం ముప్పై ఏళ్లవాడిలా గుట్టలెక్కుతూనే ఉన్నాడు. కానీ దగ్గు పట్టుకుంది. హైదరాబాద్ నుంచి నాగపూర్ వైపు పని జరుపుతూ బయల్దేరి, దారిలో హింగన్‌ఘాట్‌లో 1823 జనవరి 20న డేరాలోనే పోయాడు. సమాధి అక్కడే ఉంది, వార్ధా జిల్లాలో. ఏ కొండకూ ఆయన పేరు పెట్టలేదు. ప్రపంచంలో అన్నిటికన్నా ఎత్తైన కొండకు 1865లో శిష్యుడి పేరు పెట్టారు.

ఎవరెస్ట్ కోపిష్ఠి, గురువు పనిలో కూడా తప్పులు వెతికినవాడు. నిజానికి వెతకాల్సిందే. గొలుసు మీద ఆయనకు నమ్మకం పోయింది. అన్ని థర్మామీటర్లు పెట్టినా గాలి వేడి తెలుస్తుంది కానీ, ఇనుము లోపలి వేడి అదే అని గ్యారంటీ లేదు. 1830లో ఇంగ్లండ్ నుంచి తిరిగొస్తూ కోల్బీ కడ్డీలు తెచ్చాడు. ఒక ఇత్తడి కడ్డీ, ఒక ఇనుప కడ్డీ పక్కపక్కన బిగించి ఉంటాయి. వేడికి ఇత్తడి ఎక్కువ సాగుతుంది, ఇనుము తక్కువ. రెండిటి చివర్లను కలిపే చిన్న నాలుక ఆ తేడాకు తగ్గట్టు వంగుతుంది, దాని కొన మీది చుక్క మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఎండైనా చలైనా, ఈ కొస చుక్క నుంచి ఆ కొస చుక్కకు పది అడుగులే. దిద్దుబాటు లెక్క కాగితం మీద కాకుండా కడ్డీలోనే జరిగిపోతుంది.

ఆ కడ్డీలతో పాత భుజాలను మళ్లీ కొలుచుకుంటూ వచ్చారు. 1815లో లాంబ్టన్ గొలుసు పరిచిన బీదర్ ప్రాంతానికి 1841లో ఆ కడ్డీలు వచ్చాయి. లాంబ్టన్ చనిపోయి అప్పటికి పద్దెనిమిదేళ్లు. కొలత చూసుకున్నది ఆండ్రూ వా, లాంబ్టన్‌ను ఎన్నడూ చూడనివాడు.